ధర పక్కన షరతు కూడా అచ్చువేయండి

సంపాదకులకు నమస్కారం.

మీ వాణిజ్య పేజీలో మిర్చి, పసుపు, రొయ్యల ఎగుమతి ధరలు డాలర్లలో వస్తుంటాయి. పక్కన ఎఫ్‌ఓబీ (మన రేవులో ఓడ ఎక్కించేదాకా అయ్యే ధర) అనో సీఐఎఫ్ (గమ్యం రేవు దాకా ఓడ కిరాయి, బీమా కలిపిన ధర) అనో, ఫలానా రేవు అనో ఉండదు. టన్ను ఇన్ని డాలర్లు అని చదివిన గుంటూరు వ్యాపారి అది చెన్నై రేవు ధర అనుకుని లెక్క వేసుకుంటాడు. అదే షాంఘై రేవు ధరయితే అందులో ఓడ కిరాయి, బీమా కలిసే ఉంటాయి. ఆ మేరకు అతని లెక్క తప్పిపోతుంది. షరతు లేని ధర సగం ధరే. దేశం మొత్తం ఎగుమతి దిగుమతుల వార్తల్లోనూ ఇదే ఇబ్బంది. ప్రభుత్వ లెక్కల్లో ఎగుమతులు ఎఫ్‌ఓబీ విలువలో, దిగుమతులు సీఐఎఫ్ విలువలో ఉంటాయి. ఒక పక్క కిరాయి, బీమా కలిశాయి, రెండో పక్క కలవలేదు. వాణిజ్య లోటు గురించి రాసేటప్పుడు ఈ ఒక్క వాక్యం చేర్చడానికి ఎంతో చోటు పట్టదు.

కొత్తగా ఎగుమతుల్లోకి దిగే చిన్న వ్యాపారులు, రైతు ఉత్పత్తిదారుల సంఘాలు దెబ్బతినేది చాలాసార్లు ధర దగ్గర కాదు, కొటేషన్‌లో ధర పక్కన ఉన్న మూడక్షరాల దగ్గర. అందుకే ఈ ఉత్తరం కాస్త పొడుగవుతోంది, మన్నించాలి.

ఆ మూడక్షరాల పద్ధతి పేరు ఇన్‌కోటర్మ్స్. పారిస్‌లోని అంతర్జాతీయ వాణిజ్య మండలి వీటిని 1936లో మొదలుపెట్టింది. ఇప్పుడు వాడుకలో ఉన్న కూర్పు 2020 జనవరి 1న అమల్లోకి వచ్చింది. మొత్తం 11 షరతులు. ఏడింటిని ఏ రవాణాకైనా వాడొచ్చు, నాలుగు మాత్రం ఓడ రవాణాకే. ఖర్చు ఎక్కడిదాకా అమ్మేవాడిది, దారిలో సరుకు పాడైతే ఆ నష్టం ఎక్కడి నుంచి కొనేవాడిది, ఏ దేశపు కస్టమ్స్ పని ఎవరు చూసుకోవాలి అన్నవి ఇవి తేల్చే సంగతులు. సరుకు మీద యాజమాన్యం ఎప్పుడు మారుతుందో, డబ్బు ఎప్పుడు చేతికి రావాలో ఇవి చెప్పవు. ఆ రెండూ ఒప్పందంలో విడిగా రాసుకోవాలి. "ఎఫ్‌ఓబీ ఇండియా" అని రాసి ఊరుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. హైదరాబాద్ సరుకు విశాఖ నుంచి వెళ్లడానికీ గుజరాత్‌లోని ముంద్రా నుంచి వెళ్లడానికీ లోపలి రవాణా ఖర్చులో ఎంత తేడా ఉంటుందో చెప్పక్కర్లేదు. "ఎఫ్‌ఓబీ విశాఖపట్నం, ఇన్‌కోటర్మ్స్ 2020" అని రేవు పేరు, సంవత్సరంతో సహా రాయాలి. అమెరికా కొనుగోలుదారులతో ఇంకో జాగ్రత్త అవసరం. వాళ్ల దేశీయ వ్యాపారంలో ఎఫ్‌ఓబీ అన్న మాటకు వేరే వాడుక ఉంది, లారీ రవాణాకూ వాడతారు, "ఎఫ్‌ఓబీ డెస్టినేషన్" అనీ అంటారు. ఇన్‌కోటర్మ్స్ 2020 అని తగిలిస్తే ఆ గందరగోళం ఉండదు.

అందరూ పొరబడేది సీఐఎఫ్‌లో. సీఐఎఫ్ న్యూయార్క్ అంటే న్యూయార్క్ దాకా కిరాయి, బీమా మనవి కాబట్టి అక్కడిదాకా బాధ్యతా మనదే అనుకుంటారు. కాదు. సరుకు మన రేవులో ఓడ ఎక్కిన క్షణంలోనే నష్టభయం కొనేవాడికి మారిపోతుంది, ఎఫ్‌ఓబీలో మారినట్టే. ఖర్చు ఆగే చోటు వేరు, బాధ్యత ఆగే చోటు వేరు. బీమా లేకుండా కిరాయి మాత్రం కట్టేది సీఎఫ్ఆర్. పాతవాళ్లు ఇంకా సీ అండ్ ఎఫ్ అంటారు. సీఐఎఫ్‌లో అమ్మేవాడు తీసుకోవాల్సిన బీమా కనీస స్థాయిది, అంటే సరుకు బీమాకు వాడే ఇన్‌స్టిట్యూట్ కార్గో క్లాజుల్లో 'సి', ఇన్వాయిస్ విలువకు 110 శాతం. ఓడ మునిగినా తగలబడినా 'సి' పనికొస్తుంది. కంటైనర్‌లోకి సముద్రపు నీరు చేరి మిర్చి బూజు పట్టినా, దారిలో దొంగతనం జరిగినా అందులో రాదు. వాటికి 'ఎ' క్లాజు అడిగి తీసుకోవాలి. ప్రీమియంలో తేడా తక్కువే, కానీ అడగకపోతే ఎవరూ ఇవ్వరు.

కంటైనర్‌లో పంపే సరుకుకు ఎఫ్‌ఓబీ వాడటమే నిజానికి సరికాదు, అయినా అందరూ వాడతారు. కంటైనర్‌ను మనం రేవు దగ్గరి సీఎఫ్ఎస్‌లోనో (కంటైనర్లు ఉంచే యార్డు) టెర్మినల్ గేటు దగ్గరో అప్పగిస్తాం. అది ఓడ ఎక్కడానికి ఇంకా రోజులు పట్టొచ్చు. ఆ నాలుగైదు రోజుల్లో ఏం జరిగినా ఎఫ్‌ఓబీ ప్రకారం భారం అమ్మేవాడిదే, సరుకు మాత్రం అతని చేతిలో లేదు. ఎఫ్‌సీఏ (ఫ్రీ క్యారియర్) షరతు అయితే రవాణాదారుకు అప్పగించగానే బాధ్యత తీరుతుంది. లెటర్ ఆఫ్ క్రెడిట్‌కు (పత్రాలు సరిగ్గా ఉంటే డబ్బు చెల్లిస్తామని కొనేవాడి బ్యాంకు ఇచ్చే హామీ) "ఆన్ బోర్డ్" అని రాసిన బిల్ ఆఫ్ లేడింగ్ (సరుకు అందుకున్నామని ఓడల కంపెనీ, అంటే షిప్పింగ్ లైన్ ఇచ్చే పత్రం) కావాలంటే, ఎఫ్‌సీఏలో కూడా అది ఇప్పించేలా 2020 కూర్పులో వీలు పెట్టారు. ఇక ఎఫ్‌ఓబీని పట్టుకుని వేలాడాల్సిన పని లేదు.

ఎక్స్‌వర్క్స్ చూడటానికి అన్నిటికంటే సుఖంగా ఉంటుంది. సరుకు మా గోదాములో ఉంది, వచ్చి తీసుకెళ్లు అన్నట్టు. కానీ ఆ షరతులో ఎగుమతి కస్టమ్స్ పని కూడా కొనేవాడిదే. మన దేశంలో షిప్పింగ్ బిల్లు (కస్టమ్స్‌కు ఇచ్చే ఎగుమతి పత్రం) దాఖలు చేయాలంటే ఐఈసీ, అంటే ఎగుమతి దిగుమతిదారు కోడ్ ఉండాలి, దుబాయ్ కొనుగోలుదారుకు అది ఉండదు. చివరికి అమ్మేవాడి ఐఈసీ మీదే పని జరుగుతుంది, కాగితాల మీద మాత్రం బాధ్యత ఎవరిదో తేలదు. ఐఈసీ వివరాలు ఏటా ఏప్రిల్ నుంచి జూన్ లోపు విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ (డీజీఎఫ్‌టీ) పోర్టల్‌లో నిర్ధారించాలి, మార్పులేమీ లేకపోయినా సరే. అది మరిచిపోయినవాళ్ల ఐఈసీ నిలిచిపోయి, లారీ రేవు దగ్గరికి వచ్చాక గానీ ఆ సంగతి బయటపడదు. రెండో కొసన ఉన్న డీడీపీ మరీ ప్రమాదం. అందులో అవతలి దేశంలో దిగుమతి సుంకం కట్టాల్సింది కూడా మనమే. బ్రిటన్‌కో యూరప్‌కో అయితే అక్కడ వ్యాట్ నమోదు, అమెరికా అయితే దిగుమతిదారుగా నమోదు, సుంకానికి హామీగా బాండు కావాలి. సుంకం ఒప్పందం తర్వాత పెరిగితే ఆ భారమూ మనదే. అక్కడ మనిషి లేనివాళ్లు డీఏపీ దగ్గర ఆగడం మంచిది. అందులో గమ్యం దాకా తీసుకెళ్లడం మన పని, దిగుమతి సుంకం వాళ్ల పని.

ఇక మూడు "బిల్లులు". వీటిని ఒకదానికొకటి కలిపేసి రాయడం పత్రికల్లోనూ కనిపిస్తుంది. షిప్పింగ్ బిల్లు ఎగుమతిదారు కస్టమ్స్‌కు దాఖలు చేసేది, కస్టమ్స్ చట్టం 1962లో 50వ సెక్షన్ కింద. బిల్ ఆఫ్ ఎంట్రీ దిగుమతిదారు దాఖలు చేసేది, 46వ సెక్షన్ కింద. బిల్ ఆఫ్ లేడింగ్ ఆ రెండింటిలా కస్టమ్స్ చట్టం కింద దాఖలు చేసే బిల్లు కాదు. అది సరుకు అందుకున్నామని షిప్పింగ్ లైన్ ఇచ్చే పత్రం, 1856 నాటి చట్టం పోయి దానికి 2025లో కొత్త చట్టం వచ్చింది. షిప్పింగ్ బిల్లు మీద అధికారి ఎల్ఈఓ, అంటే లెట్ ఎక్స్‌పోర్ట్ ఆర్డర్ ఇచ్చాకే సరుకు ఓడ ఎక్కాలి. సరుకు సీఐఎఫ్ ధరకు అమ్మినా షిప్పింగ్ బిల్లులో కిరాయి, బీమా విడగొట్టి ఎఫ్‌ఓబీ విలువ చూపించాలి. డ్రాబ్యాక్ (ఎగుమతిదారుకు తిరిగొచ్చే సుంకం) వంటివి ఎఫ్‌ఓబీ మీద లెక్క కడతారు కాబట్టి ఈ విడగొట్టడంలో పొరపాటు తర్వాత సంజాయిషీ నోటీసుగా తిరిగొస్తుంది.

బిల్ ఆఫ్ లేడింగ్ అంటే మాటల్లో బీఎల్. మామూలుగా మూడు ఒరిజినల్స్ ఇస్తారు. వాటిలో ఒకటి చూపించినవాడికి గమ్యంలో సరుకు ఇస్తారు. అందుకే అది సరుకుతో సమానం, డబ్బు రాకుండా కొరియర్లో పంపకూడదు. టెలెక్స్ రిలీజ్ అంటే ఒరిజినల్స్ ఇక్కడే లైన్‌కు తిరిగి ఇచ్చేసి, అక్కడ కాగితం లేకుండా సరుకు ఇచ్చేయమని చెప్పించడం. కొనేవాడు "త్వరగా టెలెక్స్ చేయించండి" అని తొందరపెడితే, మిగతా డబ్బు బ్యాంకులో పడిందా అని ముందు చూసుకోవాలి. విమానంలో పంపితే వచ్చే ఎయిర్‌వే బిల్లుకు ఈ బలం లేదు. కన్‌సైనీగా, అంటే సరుకు అందుకునేవాడిగా పేరున్నవాడికి సరుకు ఇచ్చేస్తారు, డబ్బు కట్టాడా లేదా అని ఎవరూ అడగరు. నమ్మకం లేని కొత్త కొనుగోలుదారైతే, అతని బ్యాంకు ముందే ఒప్పుకున్న పక్షంలో ఆ బ్యాంకును కన్‌సైనీగా పెట్టి, అతన్ని నోటిఫై పార్టీగా (సరుకు వచ్చిందని కబురందుకునేవాడిగా) పెట్టడం ఒక దారి.

ఎఫ్‌ఓబీలో ఇంకో మెలిక ఉంది. కిరాయి కట్టేది కొనేవాడు కాబట్టి ఫార్వర్డర్‌ను (రవాణా ఏర్పాట్లు చూసే సంస్థను) అతనే నియమిస్తాడు. అప్పుడు మన చేతికి వచ్చేది షిప్పింగ్ లైన్ ఇచ్చే మాస్టర్ బీఎల్ కాకుండా ఆ ఫార్వర్డర్ ఇచ్చే హౌస్ బీఎల్ కావచ్చు. గమ్యంలో సరుకు ఆ ఫార్వర్డర్ ఏజెంటు చేతిలో ఉంటుంది, ఆ ఏజెంటుకు కొనేవాడు పాత ఖాతాదారు. ఒరిజినల్స్ మన బీరువాలో ఉండగానే సరుకు వెళ్లిపోయిన వివాదాలు ఈ దారిలోనే ఎక్కువగా వస్తాయి. ఫార్వర్డర్ ఎవరు, మన దేశంలో నమోదైన సంస్థేనా అన్నది కంటైనర్ నింపకముందే చూడాలి.

డ్రాఫ్ట్ బీఎల్ వచ్చినప్పుడు సరే అని జవాబు పంపేయడం ఖరీదైన అలవాటు. షిప్పర్ (పంపేవాడు), కన్‌సైనీ, నోటిఫై పార్టీ పేర్ల స్పెల్లింగ్, కంటైనర్ నంబరు, సీలు నంబరు, పెట్టెల సంఖ్య, బరువు, "ఫ్రైట్ ప్రీపెయిడ్"నా "కలెక్ట్"నా (కిరాయి ముందే కట్టారా, గమ్యంలో కట్టాలా) అన్నవి ఒక్కొక్కటీ ఇన్వాయిస్, ప్యాకింగ్ లిస్టుతో పోల్చాలి. లెటర్ ఆఫ్ క్రెడిట్ (ఎల్‌సీ) ఉంటే దాన్నీ పక్కన పెట్టుకోవాలి. బ్యాంకు సరుకును చూడదు, కాగితాలనే చూస్తుంది. ఎల్‌సీలకు బ్యాంకులు పాటించే యూసీపీ 600 నియమాల ప్రకారం ఓడ ఎక్కిన తేదీ నుంచి 21 రోజుల్లోపు, ఎల్‌సీ గడువు దాటకుండా, పత్రాలు బ్యాంకుకు చేరాలి.

ఓడ వెళ్లిపోయాక ఎగుమతిదారు మరిచిపోయేది ఈజీఎం. ఏ కంటైనర్ ఏ షిప్పింగ్ బిల్లుతో వెళ్లిందో లైన్ కస్టమ్స్‌కు ఇచ్చే జాబితా అది. ఎగుమతి మీద కట్టిన ఐజీఎస్‌టీ (సమీకృత జీఎస్‌టీ) రీఫండ్ రాలేదని ఎవరైనా వాపోతే ముందు కస్టమ్స్ పోర్టల్ ఐస్‌గేట్‌లో ఎర్రర్ కోడ్ చూడమనాలి. ఎస్‌బీ002 అంటే ఈజీఎం దాఖలు కాలేదు, లైన్ వెంటపడాలి. ఎస్‌బీ003 అంటే జీఎస్‌టీ నంబరు కలవలేదు. ఎస్‌బీ005 అంటే షిప్పింగ్ బిల్లులో ఇన్వాయిస్ నంబరు, అమ్మకాల జీఎస్‌టీ రిటర్ను జీఎస్‌టీఆర్-1లో నంబరు వేర్వేరుగా ఉన్నాయి. ఒకచోట వాణిజ్య ఇన్వాయిస్, ఇంకోచోట పన్ను ఇన్వాయిస్ వాడటం వల్ల ఇది వస్తుంది, రెండింటికీ ఒకే నంబరు పెట్టుకుంటే సరిపోతుంది. ఎస్‌బీ006 హైదరాబాద్ సనత్‌నగర్ వంటి ఐసీడీల (రేవుకు దూరంగా ఉండే కంటైనర్ డిపోల) నుంచి పంపేవాళ్ల తలనొప్పి. ఐసీడీలో అంతా సరిగ్గానే ఉంటుంది, ఓడ ఎక్కిన రేవులో గేట్‌వే ఈజీఎం కలవదు. ఐసీడీలో ఎన్నిసార్లు అడిగినా లాభం లేదు, రేవు దగ్గర సరిచేయించాలి.

డెమరేజ్ (ఆలస్యానికి కట్టే రుసుము) అన్న మాటను మన దగ్గర అన్నిటికీ వాడేస్తున్నారు, పత్రికల్లో అది "జరిమానా" అయిపోతోంది. ఎవరికి కడుతున్నామో తెలిస్తేనే ఎవరితో బేరమాడాలో తెలుస్తుంది. రేవులోనో సీఎఫ్ఎస్‌లోనో సరుకు ఉచిత గడువు దాటి ఉంటే ఆ చోటుకు అద్దె కట్టాలి, దాన్ని గ్రౌండ్ రెంట్ అంటారు. కంటైనర్ షిప్పింగ్ లైన్‌ది, దాన్ని గడువులోగా ఖాళీ చేసి తిరిగివ్వకపోతే లైన్‌కు కట్టేది డిటెన్షన్. రెండు మీటర్లూ ఒకేసారి తిరుగుతాయి, రోజులు పెరిగేకొద్దీ రేటూ పెరుగుతుంది. రొయ్యల రీఫర్ (శీతల) కంటైనర్ అయితే కరెంటు ప్లగ్ ఖర్చు అదనం. బుక్ చేసే రోజునే "గమ్యంలో ఎన్ని ఫ్రీ డేస్" అని మెయిల్లో రాయించుకోవాలి. ఏడు ఇచ్చేచోట పద్నాలుగు అడిగితే ఇచ్చే లైన్లున్నాయి, సరుకు చేరాక అడిగితే ఎవరూ వినరు. వీటిలో ఏదీ కస్టమ్స్ వేసే జరిమానా కాదు. కస్టమ్స్ వసూలు చేసేది వేరే ఉంది. ఓడ వచ్చే రోజుకు ముందురోజు ముగిసేలోగా బిల్ ఆఫ్ ఎంట్రీ దాఖలు చేయకపోతే మొదటి మూడు రోజులు రోజుకు 5,000 రూపాయలు, ఆ తర్వాత రోజుకు 10,000.

దిగుమతి సుంకం లెక్కను ఒకసారి అంకెల్లో చూద్దాం. చైనా నుంచి 10,000 డాలర్ల ఎఫ్‌ఓబీ ధరకు ఒక ప్యాకింగ్ యంత్రం, ఓడ కిరాయి 1,000 డాలర్లు. బీమా తీసుకోలేదు. తీసుకోకపోయినా కస్టమ్స్ విలువ నిబంధనలు ఎఫ్‌ఓబీ మీద 1.125 శాతం బీమాగా కలుపుతాయి, అంటే 112.50. కిరాయి ఎంతో తేలకపోతే ఎఫ్‌ఓబీలో 20 శాతం కలుపుతారు, కాబట్టి కిరాయి రసీదు తప్పకుండా జతచేయాలి. మొత్తం 11,112.50 డాలర్లు. డాలరుకు కస్టమ్స్ ప్రకటించిన రేటు 90 రూపాయలనుకుంటే (బ్యాంకు రేటు కాదు) 10,00,125 రూపాయలు. మూల సుంకం 7.5 శాతమైతే 75,009. దాని మీద 10 శాతం సాంఘిక సంక్షేమ సర్‌చార్జి 7,501. ఈ మూడూ కలిపిన మొత్తం మీద 18 శాతం ఐజీఎస్‌టీ 1,94,874. అన్నీ కలిపి 2,77,384. "సుంకం ఏడున్నర శాతమే" అని విన్నవాడు 27 శాతం పైన కట్టేటప్పుడు ఉలిక్కిపడతాడు. ఐజీఎస్‌టీ జీఎస్‌టీ నమోదున్నవాళ్లకు క్రెడిట్‌గా తిరిగొస్తుంది, మొదటి రెండూ ఖర్చే.

చిన్న సరుకు ఇంకొందరి సరుకుతో కలిపి ఒకే కంటైనర్‌లో వస్తే అది ఎల్‌సీఎల్. క్యూబిక్ మీటరుకో టన్నుకో, ఏది ఎక్కువైతే దానికి ధర కడతారు. ఇందులో సీఐఎఫ్ కొటేషన్ తక్కువగా కనిపిస్తే అనుమానించాలి. కిరాయిని అక్కడ తగ్గించి చూపి, ఇక్కడ డెలివరీ ఆర్డర్ (డీఓ) ఇచ్చేటప్పుడు హ్యాండ్లింగ్, డాక్యుమెంటేషన్, ఇంకా పేర్లు తెలియని పద్దులతో ఏజెంటు రాబడతాడు. డీఓ చేతికి రాకుండా సరుకు కదలదు కాబట్టి కట్టక తప్పదు. దిగుమతిదారు ఎఫ్‌ఓబీలో కొని, ఫార్వర్డర్‌ను తానే పెట్టుకుని, ఇక్కడి ఖర్చులన్నీ ముందే లిఖితంగా తీసుకోవడం మేలు.

హెచ్ఎస్ కోడ్ (సరుకు రకాన్ని గుర్తించే అంకెలు) గురించి ఒక్క మాట. మొదటి ఆరంకెలు ప్రపంచమంతా ఒకటే, ఆపైన మన దేశం రెండు, అమెరికా నాలుగు చేర్చుకుంటాయి. ఎండుమిర్చి కాయ 0904 21, దంచినా పొడి కొట్టినా 0904 22. పచ్చళ్ల దగ్గర చిక్కుంది. 2001 శీర్షిక వెనిగర్‌తోనో అసిటిక్ ఆమ్లంతోనో నిల్వ చేసినవాటికి. నూనె, ఉప్పు, ఆవపిండి తప్ప వెనిగర్ చుక్క లేని ఆవకాయ అందులోకి వస్తుందా, 2008లోకి పోతుందా అన్న ప్రశ్న లేస్తుంది. లేబుల్ మీద ఉన్న పదార్థాల జాబితా, ఇన్వాయిస్‌లోని వర్ణన ఒకేలా ఉండాలి. అవతలి దేశపు కోడ్ కొనేవాడి కస్టమ్స్ బ్రోకరును అడిగి రాయించుకోవాలి, అక్కడి సుంకం వాళ్ల కోడ్ మీదే పడుతుంది.

ఆఖరికి, వ్యాపారులు కాని మీ పాఠకుల కోసం. అమెరికాలో ఉన్న పిల్లలకు పార్శిళ్లు పంపే ఇళ్లు మన దగ్గర వేలల్లో ఉన్నాయి. 800 డాలర్ల లోపు పార్శిల్‌కు సుంకం లేదన్న వెసులుబాటును అమెరికా 2025 ఆగస్టు 29న ఎత్తేసింది. అప్పుడు 100 డాలర్ల లోపు నిజమైన కానుకలకు మాత్రం మినహాయింపు ఉంచారు. డబ్బు తీసుకుని పంపే సరుకు మీద "గిఫ్ట్" అని రాస్తే అది కానుక అయిపోదు. కొరియర్ దుకాణంలో డీడీపీనా డీడీయూనా అని అడగాలి. డీడీయూ 2010 కూర్పులోనే ఇన్‌కోటర్మ్స్ నుంచి పోయింది, కొరియర్ల నోట మాత్రం ఇంకా ఉంది. సుంకం అందుకునేవాళ్లే కట్టుకోవాలని దాని అర్థం. ఇంట్లో చేసిన తిండి ఒక వ్యక్తి ఇంకో వ్యక్తికి కానుకగా పంపితే అమెరికా ఆహార, ఔషధ సంస్థ ఎఫ్‌డీఏకు ముందస్తు నోటీసు అక్కర్లేదు. దుకాణంలో కొన్న స్వీట్లకు కావాలి. కోడి, మాంసం పచ్చళ్లు అసలు పెట్టొద్దు, పట్టుబడితే పారేస్తారు. బరువు లెక్కలోనూ ఒక సంగతి. పూతరేకుల వంటివి 60, 45, 45 సెంటీమీటర్ల పెట్టెలో పెడితే కాటా మీద 12 కిలోలు తూగొచ్చు. కొరియర్ మూడు కొలతల్నీ గుణించి 5,000తో భాగిస్తే 24.3 కిలోలు వస్తుంది, బిల్లు దానికే వేస్తారు. విమాన కార్గోలో 6,000తో భాగిస్తారు కాబట్టి అదే పెట్టె 20.25 కిలోలు. పెట్టె ఎత్తు 45 నుంచి 30కి తగ్గేలా సర్దితే కొరియర్ లెక్కలో 16.2 కిలోలకు దిగుతుంది.

ఇట్లు,
కస్టమ్స్ బ్రోకరు వృత్తిలో ఉన్న ఒక పాఠకుడు,
విశాఖపట్నం